గుర్రం తోకకి ఎన్ని మార్కులు?

పోయిన నెలలో ఒక ఆదివారం రాత్రి నందికొట్కూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఏడో తరగతి చదువుతున్నాడు.

"మామా, శ్రీకృష్ణదేవరాయల గొప్పదనం గురించి పది పాయింట్లు రాసుకోని పోవల్ల. రేపు సారు చూస్తాడు. చెప్పు, రాసుకుంటా."

పది పాయింట్లు నాకూ వచ్చు. ఇరవై ఏళ్ళ కింద నేనూ అవే రాశాను. 1509లో గద్దెనెక్కాడు, తుళువ వంశం, ఆంధ్రభోజుడు, అష్టదిగ్గజాలు, ఆముక్తమాల్యద, గజపతుల మీద గెలుపు, 1520లో రాయచూరు. ఏడు చెప్పేసరికి నాకే విసుగొచ్చింది.

"ఒరే, ఆయన గుర్రాలు యాడినుంచి వచ్చేవో తెల్సునా?"

"యాడినుంచి వస్తాయి? ఆయనవే గదా!"

అప్పుడు చెప్పాను. అవి సముద్రం మీద వచ్చేవని. పర్షియా, అరేబియా గుర్రాలు హోర్ముజ్ రేవులో ఓడ ఎక్కి, వారాల తరబడి నీళ్ళమీద ఊగి, గోవాలోనో భట్కళ్‌లోనో దిగి, అక్కణ్ణుంచి హంపీకి నడిచేవని. రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని నూనిజ్ రాశాడని. రాయల కంటే కొంచెం ముందు పాలించిన సాళువ నరసింహరాయలైతే బతికున్నవాటికే కాదు, దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రాలకి కూడా డబ్బులిచ్చేవాడట. సాక్ష్యంగా తోక కోసి తెస్తే చాలు. ఇదీ నూనిజ్ చెప్పిన ముచ్చటే.

వాడు పడీ పడీ నవ్వాడు. వాళ్ళమ్మని పిలిచి మళ్ళీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "ఇది రాస్తే మార్కులు ఏస్తారా మామా?"

వెయ్యరు. ఆ మాట వాడికి చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఈ వ్యాసం ఆ "వెయ్యరు" మీద నా గొడవ.

*

ముందే చెప్పేస్తాను, నేను చరిత్రకారుణ్ణి కాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పదో తరగతి తర్వాత చరిత్ర పుస్తకం తెరవాల్సిన అవసరం నాకెవరూ కల్పించలేదు. ఎంపీసీ, ఎంసెట్, క్యాంపస్, బెంగళూరు. ముప్పై దాటాక, సొంత డబ్బులతో పుస్తకాలు కొనుక్కుని మొదటినుంచి మొదలుపెట్టాను. చదివేకొద్దీ సంతోషం కంటే కోపమే ఎక్కువొచ్చింది. ఇంత కథని ఇంట్లో దాచిపెట్టుకుని మాకు పది పాయింట్లు వడ్డించారా అని.

నేను చదువుకున్న పాఠాల్లో మధ్యయుగాలంటే వంశాల వరస. ఒక్కో వంశానికీ స్థాపకుడు, గొప్పవాడు, చివరివాడు, పతనానికి కారణాలు. విదేశీ యాత్రికులు "జతపరచుము"లో వచ్చేవాళ్ళు. ఎడమపక్క నికోలో కాంటి, అబ్దుల్ రజాక్, పేస్, నూనిజ్. కుడిపక్క వాళ్ళ దేశాలు. గీత గీస్తే మార్కు. వాళ్ళు ఎందుకొచ్చారు, ఏ ఓడలో వచ్చారు, ఏం అమ్ముకోడానికొచ్చారు, ఎవరూ అడగలేదు. నూనిజ్ స్వయంగా గుర్రాల వ్యాపారి అన్న ముక్క తెలిస్తే చాలు, ఏడో తరగతి పిల్లవాడు కూడా చెయ్యెత్తి "మరి సార్, గుర్రాలమ్మేవాడు చెప్పే గుర్రాల లెక్క నమ్మొచ్చునా?" అని అడుగుతాడు. ఆధారాన్ని పరీక్షించడమంటే అదే. పీహెచ్‌డీ దాకా ఆగక్కర్లేదు.

ఇక ప్రపంచ చరిత్ర అనేది వేరే పాఠం. అది 1453లో మొదలయ్యేది. తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్నారు, యూరప్ వాళ్ళకి దారి మూసుకుపోయింది, కొత్త దారి వెతుక్కుంటూ 1498లో వాస్కోడగామా కాలికట్ వచ్చాడు. అంటే అప్పటిదాకా మన సముద్రం ఖాళీగా ఉన్నట్టు. గామా మలింది నుంచి ఇక్కడికి చేరింది కూడా ఈ సముద్రం తెలిసిన నావికుడు దారి చూపిస్తేనే. అయినా మన పుస్తకంలో కనుక్కున్నది గామా, కనుక్కోబడింది మనం.

నా వాదన ఒక్క మాటలో ఇదీ: మధ్యయుగాల పాఠాన్ని సింహాసనం దగ్గర మొదలుపెట్టడం మానాలి. సరుకు దగ్గర మొదలుపెట్టాలి. గుర్రం, వజ్రం, కర్పూరం, నూలు, మిరపకాయ. అవి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళాయో పట్టుకుని నడిస్తే రాజులు, యుద్ధాలు, గుళ్ళు, మసీదులు అన్నీ దారిలోనే తగుల్తాయి. సింహాసనం దగ్గర మొదలుపెడితే సరుకూ తగలదు, మనుషులూ తగలరు.

ఇది బోధనా పద్ధతి గురించిన ముచ్చట మాత్రమే అయితే నాకింత ఆవేశం ఉండేది కాదు.

*

నా ఏడో తరగతిలో ఒక మధ్యాహ్నం రాక్షసి తంగడి యుద్ధం పాఠం. 1565. దక్కన్ సుల్తానులు ఏకమయ్యారు, రామరాయల తల నరికారు, హంపీని నాశనం చేశారు. సారు పుస్తకంలో ఉన్నదే చదివాడు. చెడ్డవాడేం కాదు, గట్టిగా కొట్టేవాడు కూడా కాదు. చదవడం అయ్యాక వెనక బెంచీలోంచి ఎవడో నా పక్కవాడి వీపు మీద పొడిచి, "మీవాళ్ళే గదరా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. సారు విన్నాడో లేదో తెలీదు, బోర్డు తుడుస్తున్నాడు.

నా పక్కవాడిది దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగే. వాళ్ళ జేజినాయన చలికాలం ముందు భుజాన విల్లు వేసుకుని మా వీధికి వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఆ నారి మీద ఏకుతుంటే వచ్చే చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఆ రాత్రి కూడా నేను ఆయన ఏకిన పరుపు మీదే పడుకున్నాను. వాడు మాత్రం ఆ రోజు తర్వాత సోషల్ క్లాసులో చెయ్యెత్తలేదు.

పదమూడేళ్ళ పిల్లవాణ్ణి 440 ఏళ్ళనాటి యుద్ధానికి ముద్దాయిని చేసింది ఎవరు? వెనక బెంచీవాడా? వాడికి పాఠం చెప్పిందే వాడు అన్నాడు. వంశాల చరిత్రలో గెలిచినవాడు, ఓడినవాడు అని రెండే పాత్రలుంటాయి. తరగతిలో కూర్చున్న పిల్లలకి మిగిలేది ఆ ఇద్దరిలో ఎవరి వారసులో తేల్చుకోవడమే.

ఆ పాఠంలో లేనిదేమిటో నాకు పదిహేనేళ్ళ తర్వాత తెలిసింది. రామరాయల మీదికి కలిసి వచ్చిన సుల్తానుల్లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఒకడు. ఆయన గద్దెనెక్కకముందు, అన్న చేతిలో ప్రాణభయంతో పారిపోయి తలదాచుకున్నది ఎక్కడనుకుంటున్నారు? విజయనగరంలో. 1543 నుంచి 1550 దాకా, ఏడేళ్ళు. అతిథ్యమిచ్చింది రామరాయలే. తెలుగు కవులకి ఆయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే. ఆయన కొలువులోని అమీన్‌ఖానుకి పొన్నగంటి తెలగన అచ్చతెలుగులో యయాతిచరిత్ర అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిం అధికారి. ఆ ఇబ్రహీమే 1565లో తనకి తిండిపెట్టిన వాడి మీదికి సైన్యంతో వచ్చాడు. ఇది మతం కథ అయితే చాలా పేలవమైన కథ. రాజకీయం, ఆశ్రయం, ఋణం, ద్రోహం, సరిహద్దు కోటలు, అన్నీ కలిసిన కథ అయితే షేక్‌స్పియర్‌కి కూడా సరిపోయేంత పెద్దది.

మా పనిలో ప్రోగ్రాం ఎక్కడో పగిలితే చివరి లైను చూసి ఊరుకోం. ఏది దేన్ని పిలిచిందో వెనక్కి వెనక్కి వెళ్ళి చూస్తాం. 1565 చివరి లైను. మన పాఠం ఆ ఒక్క లైను పిల్లల ముందు పెట్టి, తప్పు చేసినవాణ్ణి తరగతిలోనే వెతుక్కోమంటుంది.

*

వెనక్కి వెళ్దాం. దక్కన్ ఎండకి, మేతకి మేలుజాతి గుర్రాలు సరిగా పెరగవు. అశ్వదళం లేకుండా రాజ్యం నిలవదు. కాబట్టి బహమనీలకైనా విజయనగరానికైనా గుర్రం రావాల్సింది ఆ అరేబియా సముద్రం మీదుగానే. ఇద్దరూ ఒకే సంతలో కొనుక్కునే ఇద్దరు షావుకార్లు. రేవు ఎవరి చేతిలో ఉంటే గుర్రం వాళ్ళది.

ఇది అర్థమైతే మ్యాపు దానంతటదే మాట్లాడుతుంది. గోవా కోసం అంత కొట్లాట ఎందుకు? 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ గోవాని విజయనగరం నుంచి లాక్కున్నాడు. ఈ గవాన్ ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారిగా దక్కన్ వచ్చి మంత్రి అయినవాడు. 1510లో అదే గోవాని పోర్చుగీసు వాళ్ళు బీజాపూర్ నుంచి లాక్కున్నారు. ఆ తర్వాత గుర్రాల కోసం అందరూ వాళ్ళ గుమ్మంలో నిలబడాల్సి వచ్చింది. రాయలు వాళ్ళతో స్నేహం చేసింది క్రైస్తవం మీద ప్రేమతో కాదు.

రాయలకి ఇదంతా ఎవరో చెప్పాల్సిన అవసరం లేదు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పేచోట ఆయనే రాశాడు. రేవులు బాగుచేయాలి. గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు దిగుమతయ్యేలా చూడాలి. తుఫానుకో జబ్బుకో మన తీరానికి కొట్టుకొచ్చిన పరదేశుల్ని వాళ్ళవాళ్ళకి తగ్గట్టు ఆదుకోవాలి. దూరదేశాల నుంచి గుర్రాలూ ఏనుగులూ తెచ్చే వర్తకులకి ఊళ్ళూ ఇళ్ళూ ఇచ్చి, దర్శనమిచ్చి, మంచి లాభం ముట్టేలా చూడాలి. ఎందుకంటే, ఆ సరుకు శత్రువుకి చేరకూడదు. ఇంత తేటగా విదేశాంగ విధానం రాసిపెట్టిన రాజుని మనం "భక్తుడు, కవిపోషకుడు" అని రెండు పాయింట్లకి కుదించాం.

ఇక్కడ సాహిత్యం చదివే మనం కూడా తక్కువేం తినలేదు. హరవిలాసం గురించి మాట్లాడేటప్పుడు శ్రీనాథుడి శైలి, సమాసాలు, రసికత. అవతారిక అంటే పేజీ తిప్పేస్తాం. ఆ కావ్యం అంకితం తీసుకున్నది రాజు కాదు, అవచి తిప్పయ్యసెట్టి. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి సుగంధద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు. ఆయన ఓడలు ఏ రేవు నుంచి ఏం తెస్తాయో శ్రీనాథుడు పద్యం కట్టి మరీ చెప్పాడు. హురుమంజి గుర్రాలు, సింహళం ఏనుగులు, చీనా పట్టు. హురుమంజి అంటే హోర్ముజే. తెలుగు సారు ఆ పద్యం తీసుకుని, సోషల్ సారు గోడమ్యాపు తీసుకుని, ఒక్క గంట ఒకే తరగతిలో నిలబడితే చాలు. పద్నాలుగో శతాబ్దపు హిందూమహాసముద్రం పిల్లల ముందుంటుంది. ఆ గంట ఏ టైంటేబుల్లోనూ లేదు.

అంతకంటే ముందుకి పోతే మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న పల్లె. 1244-45లో కాకతి గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు మొత్తం జప్తు చేసుకునేవాళ్ళు. ధనం ప్రాణం కంటే విలువైందనుకుని అంత సాహసం చేసి సముద్రం దాటి వచ్చే వర్తకుల మీద దయతో మేం అది మానేస్తున్నాం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం, ముప్పైకి ఒకటి. ఇదీ శాసనం సారాంశం. కింద చందనం, పచ్చకర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలు, పగడాలు, రాగి, మిరియాలు ఒక్కోదానికీ రేట్లు. గామా రావడానికి రెండున్నర శతాబ్దాల ముందు ఒక తెలుగు రాజు పరదేశి వర్తకుడికి రాయించి ఇచ్చిన హామీ అది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అలాంటిదే మళ్ళీ వేయించాడు. రాజ్యం మారినా రేవు రేవే.

*

ఇప్పుడు రెండో పక్కవాళ్ళతో కూడా నాకు గొడవుంది. "అప్పట్లో అందరూ కలిసిమెలిసి ఉండేవాళ్ళు, సంస్కృతులు ఒకదాన్నొకటి వాటేసుకున్నాయి" అని బెల్లంపాకం పోసే చరిత్ర ఇంకొకటుంది. సెమినార్లలో బాగా అమ్ముడుపోతుంది. అదీ అబద్ధమే, కాకపోతే తియ్యటి అబద్ధం.

ఒకటి చెప్తాను. విజయనగరం రాజధానిలోనే 1439లో అహ్మద్‌ఖాన్ అనే అధికారి రెండో దేవరాయల పుణ్యం కోసమని ధర్మశాల కట్టించి శాసనం వేశాడు. ఆ కట్టడం మసీదు. ఇది నిజం. ఇంకో ముప్పై ఏళ్ళకి, 1469లో, భట్కళ్ ముస్లిం వర్తకులు బహమనీలకి గుర్రాలమ్ముతున్నారని విజయనగరం రాజు వాళ్ళని చంపించాడని పోర్చుగీసు చరిత్రకారుడు బారోస్ రాశాడు. బతికి బయటపడ్డవాళ్ళు గోవా చేరారు. మూడేళ్ళకి గవాన్ గోవా మీదికి వచ్చాడు. ఒకే రాజ్యం, ఒకే మతం, ముప్పై ఏళ్ళ తేడాలో మసీదూ కట్టనిచ్చింది, ఊచకోతా కోసింది. మతం ఒక్కటే పట్టుకుంటే ఈ రెండూ పొసగవు. స్నేహం ఒక్కటే పట్టుకున్నా పొసగవు. గుర్రాన్ని పట్టుకుంటే పొసుగుతాయి.

వర్తకమంటే ప్రేమ కాదు. ఓడలో వచ్చిన గుర్రం యుద్ధానికే వచ్చింది. పోర్చుగీసు వాళ్ళు చీటీ కొనని ఓడల్ని సముద్రంలోనే దోచుకున్నారు. గుళ్ళు పగిలాయి, ఊళ్ళు తగలబడ్డాయి, రామరాయల సైన్యాలూ తక్కువ చెయ్యలేదు. ఇవన్నీ పిల్లలకి చెప్పాలి. దాచమని నేననడం లేదు. ఎవరు చేశారో చెప్పి ఆపకుండా, ఎందుకు చేశారో, ఎవరికి లాభమో కూడా చెప్పమంటున్నాను. కారణం తెలిసిన హింస గుణపాఠం అవుతుంది. కారణం చెప్పకుండా కులం, మతం పేరు మాత్రమే చెప్పిన హింస వెనక బెంచీలో పొడుపు అవుతుంది.

2022లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకంలోంచి ఇస్లాం నడిమి దేశాల అధ్యాయం తీసేసింది. ఆ మరుసటేడు పన్నెండో తరగతిలో మొఘల్ దర్బారుల అధ్యాయం మీద పెద్ద రగడ జరిగింది. రెండు పక్షాలూ ఏ సింహాసనం పుస్తకంలో ఉండాలి అన్నదాని మీదే అరుచుకున్నాయి. నాకు మాత్రం ఒకటే తోచింది. బాగ్దాద్, బస్రా, హోర్ముజ్ లేకుండా విజయనగరం చెప్తారా? గుర్రాలు వచ్చిన దేశాన్ని తీసేసి గుర్రం మీద రాజుని నిలబెడతారా? అది ఏ మతానికీ సేవ కాదు, అర్థంపర్థం లేని పని.

తిరుమలలో మహాద్వారం దాటాక రాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. కంచు విగ్రహం. ఈసారి వెళ్ళినప్పుడు ఆయన నెత్తిమీద చూడండి. ఆ పొడుగు టోపీ పేరు కుల్లాయి. మాటా పర్షియన్ నుంచే, మోజూ అటునుంచే. లేపాక్షి పైకప్పు బొమ్మల్లో కూడా దొరలంతా అవే పెట్టుకుని ఉంటారు. విజయనగర రాజులు తమని తాము హిందూరాయసురత్రాణులు, అంటే హిందూ రాజుల్లో సుల్తానులు అని చెప్పుకున్నారు. ఈ బిరుదునీ ఈ దుస్తులనీ పట్టుకుని ఫిలిప్ వాగనర్ 1996లో ఒక మంచి వ్యాసం రాశాడు. ఆ కాలపు ప్రపంచంలో పెద్దమనిషిగా కనబడాలంటే అలా కనబడాలి, మనం ఇప్పుడు ఇంటర్వ్యూకి కోటు వేసుకున్నట్టు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా రాయలకి ఆ టోపీ అడ్డం రాలేదు. మన పుస్తకాలకి వచ్చింది.

*

"బాగానే ఉంది బాబూ, నందికొట్కూరులో ఇవన్నీ ఎవరు చెప్తారు? సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అని ఒక టీచర్ మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ముప్పై ఏళ్ళుగా బిట్లు చెప్పించి, గ్రూప్స్‌లోనూ బిట్లే అడిగి, ఇప్పుడు టీచర్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ నందికొట్కూరులో కుదరదు అంటే మాత్రం ఒప్పుకోను. అసలు అక్కడే కుదురుతుంది.

మా ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్నూలు పేరు కందెన మీంచి వచ్చిందని మా పిల్లలందరికీ తెలుసు. అలంపురం గుళ్ళకి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు అక్కడ ఆగి ఇరుసులకి కందెన పూసుకునేవట. అందుకే కందెనవోలు. స్థలపురాణమే కావచ్చు. కానీ ఒక ఊరు తన పేరుని రాజుకీ దేవుడికీ ముడివెయ్యకుండా బండి ఇరుసుకి ముడేసుకుంది చూడండి. పాఠం అక్కడ మొదలుపెట్టొచ్చు. రాయి ఎవరు కొట్టారు, ఎవరు తోలారు, ఏరు ఎట్లా దాటారు?

తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం నేలమీద కళ్ళు పెట్టి నడుస్తారు, వజ్రాల కోసం. ఏటా జూన్‌లో పేపర్లో వార్త. ఇప్పుడు దీని పక్కన మార్కోపోలోని పెట్టండి. పదమూడో శతాబ్దం చివర్లో మన తీరం మీదుగా పోతూ ముత్‌ఫిలి రాజ్యం గురించి, అంటే మోటుపల్లి పేరుతో కాకతీయ రాజ్యం గురించి రాశాడు. అక్కడ వానలకి కొండవాగులు పారతాయని, నీళ్ళు తీశాక జనం వాగుల్లో వెతికి వజ్రాలు ఏరుకుంటారని, మంచి రాళ్ళన్నీ పెద్ద ఖాన్‌కీ ఇక్కడి రాజులకీ పోతాయని, తమ దేశానికొచ్చేది తాలు మాత్రమేనని. అదే పుస్తకంలో పాముల లోయ, మాంసం ముక్కలు, గద్దలు అనే కట్టుకథ కూడా ఉంది. రాణి రుద్రమని గణపతిదేవుడి కూతురని తెలియక భార్య అనుకున్నాడు. ఒక్క పేజీలో నిజం, పుక్కిటి పురాణం, పొరపాటు మూడూ ఉన్నాయి. ఏది ఏదో పిల్లల్ని తేల్చమనండి. మా జిల్లా పిల్లలకి వాన సంగతి నిజమని మార్కోపోలో చెప్పక్కర్లేదు, వాళ్ళ మేనత్త ఎవరో తుగ్గలిలో ఏరే ఉంటుంది. 1720లలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా, బోర్నియోలో దొరికే కాసిన్ని తప్ప, లోకంలో వజ్రాలకి దిక్కు మన దేశమే. అందులో ఈ సీమ నేలకి పెద్ద వాటా ఉంది. రాయల పేరే కావాలని 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నాం సీమకి. ఆ రాయల బొక్కసం నింపిన నేల గురించి పది పాయింట్లలో ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం క్యారేజీ తెరిస్తే అదీ పాఠమే. జొన్న ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ళ కింద మన దగ్గరికొచ్చింది. సీమ పౌరుషమంతా మోసే మిరపకాయ అమెరికాది. పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో దిగింది. మా ఊరి చుట్టూ చేలల్లో ఉండే మొక్కజొన్న అంతే. అంటే కాకతి రుద్రమ పచ్చిమిరపకాయ కొరకలేదు. ఈ ఒక్క వాక్యం చెప్పి చూడండి, తరగతి ఎట్లా గోలెత్తుతుందో.

ఇక రాట్నం. స్వదేశీకి గుర్తుగా మనం జెండాకెక్కించిన రాట్నం. దాని గురించి ఈ దేశంలో దొరికే తొలి స్పష్టమైన ప్రస్తావన 1350లో ఇసామీ రాసిన పర్షియన్ కావ్యంలో ఉందని ఇర్ఫాన్ హబీబ్ చూపించాడు. ఆ కావ్యం రాసింది ఎక్కడో ఢిల్లీలో కాదు, ఇక్కడే దక్కన్‌లో, మొదటి బహమనీ సుల్తాను కొలువులో. కదురు నుంచి రాట్నానికి మారితే ఒక మనిషి వడికే నూలు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ నూలే మన నేత, ఆ నేతే సముద్రం దాటి గుర్రాలకి వెల కట్టినవాటిల్లో ఒకటి. ఈ పాఠంలో దూది ఏకేవాడు ఉంటాడు, వడికే ఆడమనిషి ఉంటుంది, నేసేవాడు, బండి తోలేవాడు, ఓడ నడిపేవాడు, రేవులో సుంకం వసూలు చేసేవాడు ఉంటారు. రాజు కూడా ఉంటాడు, వరసలో. ఈ పాఠం వింటూ నా పక్కవాడు కూర్చుని ఉంటే వాళ్ళ జేజినాయన ఆ వరసలో మధ్యలో కనబడేవాడు. ఎవడూ వీపు మీద పొడిచేవాడు కాదని చెప్పను, పిల్లలు పిల్లలే. కానీ వాడి దగ్గర బదులు ఉండేది.

వాడిప్పుడు కువైట్‌లో డ్రైవర్. హోర్ముజ్ జలసంధి లోపల. గుర్రాలు దిగొచ్చిన దారినే మా సీమ మనుషులు ఎదురెక్కిపోతున్నారు. రెండేళ్ళకోసారి వస్తాడు. పోయినసారి కలిసినప్పుడు ఈ గుర్రాల కథ వాడికీ చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "మనకెందుకు చెప్పలేదురా ఇయ్యన్నీ?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

మా ఆఫీసులో చూస్తాను. ఎంత చిక్కుముడైనా విప్పగల మనుషులు వెయ్యేళ్ళ బానిసత్వం అని ఫోన్‌లో ఒక మెసేజ్ వస్తే ఒక్క ప్రశ్న వెయ్యకుండా పక్కవాడికి పంపిస్తారు. తెలివి తక్కువై కాదు. ఏడో తరగతిలో ఆగిపోయిన చరిత్ర వాళ్ళది, నాదీ అంతే. ఖాళీగా వదిలేసిన గదిలోకి ఎవరో ఒకరు వచ్చి కాపురం పెడతారు.

మేనల్లుడు మూడో రోజు ఫోన్ చేశాడు. తొమ్మిది పాయింట్లు పుస్తకంలోవి రాసి, పదోది గుర్రం తోక రాశాడట. సారు తొమ్మిదింటికీ టిక్కు పెట్టాడట. పదోదాని దగ్గర ఆగి, ఇంటూ పెట్టలేదట, టిక్కూ పెట్టలేదట. "ఇది యాడ చదివినావురా?" అని అడిగాడట.

"మా మామ చెప్పినాడు సార్ అన్నా. మరి రేపు తోకవి రమ్మంటే పుస్తకం చూపీయల్ల గదా, యా పుస్తకం మామా?"

పేరు చెప్పాను. పార్సిల్ చేశాను. రెండు కాపీలు, ఒకటి సారుకి.